వంద మందికి ఒకే జబ్బు

గోదావరిఖనిలో మానసిక వైద్యం చేసే డాక్టర్ రఘుపతి ఆ సోమవారం పొద్దున్నే ఒక నిర్ణయానికి వచ్చాడు. గని కార్మికుల మనసు మీద పరిశోధనా వ్యాసం రాయాలి, దాన్ని విదేశీ మనోవైద్య పత్రికలో అచ్చువేయించుకోవాలి. తనతో చదివినవాళ్లందరి పేర్లూ అలాంటి పత్రికల్లో వచ్చాయి. ఆయన పేరు మాత్రం ఇంతవరకు క్లినిక్ బోర్డు దాటలేదు.

కాంపౌండర్ జహంగీర్‌ను పిలిచి వంద ప్రశ్నపత్రాలు చేతిలో పెట్టాడు. "సెంటినరీ కాలనీకి పో. వంద మందిని అడిగి నింపుకొని రా. సాయంత్రానికి కావాలె."

జహంగీర్ అక్కడి గని కార్మికుల క్వార్టర్లలో మొదటిదాని తలుపు కొట్టాడు. సారవ్వ అనే ఆమె సగమే తీసింది. "మా ఆయన రాత్రి షిఫ్టు చేసొచ్చి పండుకున్నడు. ఏం గావాలె తమ్మీ?"

"నిద్ర మంచిగ పడుతున్నదా అని అడగాలె అక్కా."

"నువ్వు తలుపు కొట్టేదాక పడ్డది," అని ఆమె మూసేసింది.

మిగతా తలుపులూ దాదాపు ఇలాగే మూసుకున్నాయి. జహంగీర్ బస్టాపులో కూర్చొని వంద కాగితాలూ తానే నింపాడు. అబద్ధం రాయడానికి మనసొప్పక తన బాధే రాశాడు. నాలుగింటికే మెలకువ, అన్నం సయించకపోవడం, గంట మోగితే గుండెదడ. ఆ గంట డాక్టరుగారి బల్ల మీదిది. మర్నాడు ఆ జవాబులన్నీ కంప్యూటర్లో ఎక్కించిందీ అతనే.

ఎనిమిది నెలలకు వ్యాసం అచ్చయింది. వంద మంది జవాబుల్లో వెంట్రుకవాసి తేడా లేకపోవడం అపూర్వమని పత్రిక తరఫు నిపుణులు మెచ్చుకున్నారు. జబ్బుకు 'రఘుపతి సిండ్రోమ్' అని పేరు పెట్టారు. మరో ఏడాదికి ఈ సంగతి స్థానిక పేపర్లో వచ్చింది. ఆ పొద్దున క్లినిక్ ముందు వరుస రోడ్డెక్కి, బసంత్‌నగర్ సిమెంటు లారీలను ఆపేసింది.

వరుసలో మొదటివాడు సారవ్వ భర్త నర్సింగం. "గంట మోగితే గుండె కొట్టుకుంటది సార్. అన్‌ఫిట్ అని రాయిండ్రి, మా బిడ్డ హర్షిణికి నా నౌకరొస్తది."

"గనిల గంటేడిది? సైరన్ కదా."

నర్సింగం కాసేపు ఆలోచించాడు. "అది మోగినా గంతే సార్."

మధ్యాహ్నానికి నూటముప్పై మందికి అదే జబ్బు బయటపడింది. ఇంతలో గని మేనేజరు ఫోన్ చేశాడు. వ్యాసంలోని వంద మంది పేర్లు పంపితే వాళ్ల డ్యూటీ ఆపుతామన్నాడు. డాక్టరు అప్పుడు మొదటిసారి ఆ కాగితాలు తీసి చూశాడు. పేర్లు లేవు. అన్నిట్లో చేతిరాత ఒక్కటే.

"ఇవి ఎవరు నింపిన్రు జహంగీర్?"

"నేనే సార్. ఒక్క అబద్ధం రాయలే."

"మరి గుండెదడ ఎవరికి?"

"నాకే."

"ఎప్పటిసంది?"

"మీ దగ్గర చేరినప్పటిసంది సార్."

డాక్టరు బయటికొచ్చి, అసలు అలాంటి జబ్బే లేదని వరుసకు చెప్పాడు.

"మరి నా దడ సంగతేంది?" అన్నాడు నర్సింగం, నిజంగానే బాధపడుతూ.

సిగ్గుతో చచ్చిపోతూ డాక్టరు ఆ సాయంత్రమే పత్రికకు ఉత్తరం రాశాడు. జరిగిందంతా దాచకుండా చెప్పి, వ్యాసాన్ని రద్దు చేయమని వేడుకున్నాడు.

వారానికి జవాబు వచ్చింది. ఆయన వ్యాసం ఆధారంగా ఇప్పటికే పద్నాలుగు వ్యాసాలు వెలువడ్డాయి, మరో మూడు దేశాల్లో ఆ జబ్బు నిర్ధారణ అయింది, కాబట్టి అది లేదనడం ఇప్పుడు ఆయన ఒక్కడి చేతిలో లేదు. అయితే ఇంతటి నిజాయితీ పరిశోధకుల్లో అరుదు కనుక ఆయనను సంపాదకవర్గంలో చేర్చుకున్నారు.

వచ్చే నెల నుంచి మిగతావాళ్ల పరిశోధనల్లో నిజమెంతో తేల్చే బాధ్యత డాక్టర్ రఘుపతిది.