మూడు బుర్రల సలహా యంత్రం

ఒక పెద్ద అడవిలో, ఏటికీ కొండకీ నడుమ, జంతువులకు తీరిక లేనన్ని ఆపదలుండేవి. ఎండాకాలం కార్చిచ్చు. వానాకాలం వరద. వరదకి భయపడి కొండెక్కితే నెత్తిమీద రాళ్లు.

"ఏదొస్తే ఎటు పోవాలో చెప్పే సాధనం కావాలి," అంది సభాధ్యక్షురాలు ఏనుగు భద్రమ్మ.

కొండముచ్చు చిత్రసేనుడు ముందుకొచ్చాడు. జూలో రెండేళ్లుండి తిరిగొచ్చాడు కాబట్టి అతను నిపుణుడు. మూడు ఎండు సొరబుర్రలు కొమ్మకి వేలాడదీశాడు. ఒకటి నిప్పుకి, ఒకటి నీటికి, ఒకటి రాళ్లకి.

"ప్రమాద సూచన కనబడితే ఆ బుర్రలో గులకరాయి వెయ్యాలి. ఏది బరువైతే అదే ఆపద. నిప్పైతే ఏటికి పోవాలి. నీళ్లైతే కొండెక్కాలి. రాళ్లైతే కొండ దిగాలి."

యంత్రం చెప్పందే ఎవరూ కదలకూడదని సభ తీర్మానించింది. రాళ్లు వేసే ఉద్యోగం ఉడుము పైడిరాజుకి ఇచ్చింది. పట్టుకుంటే వదలడని అతనికి పేరు. నియమాలనీ అలాగే పట్టుకున్నాడు.

వానాకాలం వచ్చినా నిప్పు బుర్రలో వేసవి రాళ్లు అలాగే ఉన్నాయి.

"అవి తీసెయ్యకూడదా బాబూ?" అని అడిగింది అడవికోడి నూకాలమ్మ.

"వెయ్యడానికే నియమముంది పిన్నీ. తియ్యడానికి లేదు."

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఏరు పొంగింది. పైడిరాజు నీటి బుర్రలో రాళ్లు వేశాడు. కొండమీద నాలుగు బండలు దొర్లిన చప్పుడైతే మూడో బుర్రలోనూ వేశాడు. తీరా చూస్తే మూడు బుర్రలూ సమానంగా వేలాడుతున్నాయి. అతను తలెత్తి అరిచాడు.

"అయ్యా, మూడూ ఒకటే బరువు. ఎటు పొమ్మంటారు?"

చిత్రసేనుడు చెట్టు చిటారుకొమ్మనుంచి లెక్క కట్టాడు. "మూడింటికీ సగటు తీస్తే, ఉన్నచోటే ఉండండి!"

అందరూ ఉన్నచోటే ఉన్నారు. నీళ్లు మాత్రం ఉండలేదు.

"ఇంకా నడుములోతేగా, కంగారు పడకండి," అంది భద్రమ్మ.

"ఎవరి నడుమమ్మా?" అని పుట్టమీంచి అరిచింది నూకాలమ్మ. ఆమె పిల్లలు ఆరుగురూ ఆమె వీపుమీదే ఉన్నారు. "పైడిరాజు బాబూ, తూర్పున ఎత్తు దిబ్బ ఉందిగా! పోదామా?"

"దిబ్బకి బుర్ర లేదు!" అన్నాడు పైనుంచి చిత్రసేనుడు.

పైడిరాజు బుర్రలకేసి చూశాడు. నూకాలమ్మ మెడదాకా వచ్చిన నీళ్లకేసి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పట్టుకున్నది వదిలేశాడు. గులకరాళ్ల సంచీ నీళ్లలో పడింది.

"తూర్పు దిబ్బకి! పరుగెత్తండి!"

అని, ముగ్గురు కోడిపిల్లల్ని నెత్తికెక్కించుకుని ఈదాడు. అతని వెనక అడవంతా కదిలింది. భద్రమ్మ అడ్డొచ్చిన దుప్పుల్ని తొండంతో ఎత్తి దిబ్బమీదకి విసిరింది. ఒక్కరూ పోలేదు.

తడి ఆరకముందే సభ జరిగింది.

"ప్రాణనష్టం సున్నా. యంత్రం బ్రహ్మాండంగా పనిచేసింది," అన్నాడు చిత్రసేనుడు. అతనికి దండ వేశారు. యంత్రం అనుమతి లేకుండా ప్రాణాలు కాపాడినందుకు పైడిరాజుని సంజాయిషీ అడిగారు.

పైడిరాజుకి ఒళ్లు మండింది. నిజం రాస్తే ఉద్యోగం పోతుంది. తప్పయిందని రాద్దామంటే, నెత్తిమీద నిద్రపోతున్న కోడిపిల్లలు వెచ్చగా తగులుతున్నాయి. చాలాసేపు ఆలోచించి ఇలా రాశాడు:

"కాలు జారి దిబ్బమీద పడ్డాను. నా వెనక నూట ఇరవైమందికీ జారింది."

"పైకి జారారా?" అంది భద్రమ్మ అనుమానంగా.

"తడి నేల కదండీ."

సభ గంటసేపు చర్చించి సంజాయిషీని ఒప్పుకుంది. అడవిలో ఇంతవరకు ఎవరూ గుర్తించని నాలుగో ఆపద ఒకటుందని తేల్చి, జారుడుకి కూడా ఒక బుర్ర మంజూరు చేసింది.

నీతి: ఆపదొస్తే అందరికన్నా ముందు పరుగెత్తు, సంజాయిషీలో మాత్రం కాలు జారిందనే రాయి.