మంచం కోళ్ళకు ధర ఎవరు కట్టాలి?

చేతిపని చేసేవాడికి తన పనికి ధర చెప్పే హక్కు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. కోప్పడకండి! అతని మేలు కోరే అంటున్నాను.

ఆలోచించండి. డోర్నకల్ పాసింజరుకు టిక్కెట్టిచ్చే బాబుతో ఎవరైనా బేరమాడతారా? సినిమా హాలు కిటికీ దగ్గర "నేల టిక్కెట్టు సగానికిస్తావా?" అంటారా? అనరు. పాపం, ఆ బాబులకు మనతో నాలుగు మాటలు మాట్లాడే భాగ్యమే లేదు! అదే ఖిలా వరంగల్ దారిలో ఖరాదు మీద కర్ర తిప్పి నగిషీ చెక్కే కట్టయ్య దగ్గరికి రండి. ఒక్క రొట్టెకర్ర కొనడానికి వచ్చినవారు కూడా గంటసేపు కూర్చుని, అతని యోగక్షేమాలు విచారించి, పిల్లలు కాస్త తక్కువ తింటే ఒంటికి ఎంత మంచిదో చెప్పి, ధర వాళ్ళే నిర్ణయించి వెళ్తారు. ఇంత ఆప్యాయత ఏ ఫిక్స్‌డ్ రేటు షాపులో దొరుకుతుంది?

కట్టయ్య కూడా బుద్ధిమంతుడే. "ఎంత?" అంటే తల గోక్కుని, "మీకు తోచింది ఇయ్యుండ్రి" అంటాడు. నాలుగు మంచం కోళ్ళ పనికి నలభై రూపాయలు రావాలని అతని మనసులో ఉంది. మనసులో ఉన్నంతసేపు ఆ నలభై నిక్షేపంగా ఉంటుంది. నోటిదాకా వస్తేనే ప్రాణం పోతుంది.

ఇంత మంచి పద్ధతికి అడ్డం ఒక్కరే, అతని భార్య చిలుకమ్మ. ఖరాదు ఒక్కడితో తిరగదు. కర్రను రెండు మేకుల నడుమ బిగించి, దానికి తాడు చుట్టి, ఒకరు అటూ ఇటూ గుంజుతుండాలి. ఇంకొకరు ఉలి ఆనించాలి. ఉలి కట్టయ్యది, తాడు చిలుకమ్మది. పదహారేళ్ళు గుంజాక ఆమె కుడిచెయ్యి తలదాకా లేవడం మానేసింది.

"ఈసారి నలభై అని నోరు తెరిచి అడుగు. దవాఖానకు పోయి భుజం చూపెట్టుకోవాలె. నువ్వడగకుంటే నేను తాడు ముట్ట" అని పొద్దున్నే చెప్పింది.

ఆనాడు వచ్చింది రెవెన్యూలో గిర్దావరుగా రిటైరైన రాజేశ్వర్ రావు గారు. టేకు కర్ర ఆయనదే. అప్పటికి మూడు కోళ్ళు తయారై గోడకు ఆనించి ఉన్నాయి. ఆయన జేబులోంచి టేపు తీసి కొలిచారు.

"ఏం కట్టయ్యా! నేనిచ్చిన కట్టె గింత లావుండె. నువ్వు సన్నగ చేసినవ్. తక్కువైన కట్టెకు పైసలు నేనడగాల్నా, నువ్వడుగుతవా?"

చూశారా తర్కం! చెక్కితే విలువ పెరుగుతుందని ఇన్నాళ్ళూ అనుకున్న అమాయకులం మనం!

"నగిషీ పెట్టిన గద దొరా..."

"నగిషీ అంటే గాట్లే గద! గాట్లు పడ్డ సామానుకు ఎవడన్న ఎక్కువిస్తడా? ఆ పొట్టు గూడ సంచిల కట్టు, నా కట్టెదే. నీళ్ళు కాగబెట్టుకుంట. నాలుగింటికి ఇరవై. మంచోనివని ఇస్తాన."

కట్టయ్య నోరు తెరిచాడు. "మీకు తోచింది ఇయ్యుండ్రి దొరా" అనే వచ్చింది.

చిలుకమ్మ తాడు వదిలేసి దూరంగా వెళ్ళి కూర్చుంది.

"మూడు కోళ్ళే తీస్కపోండ్రి దొరా. నాలుగో దిక్కు మీరే పట్టుకొని నిలవడుండ్రి."

"ఏందిది కట్టయ్యా? నీ పెండ్లాం గిట్ల మాట్లాడవట్టె!"

"తాడు గుంజేటోళ్ళు లేంది ఎట్ల జేద్దు దొరా?" అన్నాడు కట్టయ్య నేల చూస్తూ.

"తాడు గుంజుడు గూడ ఒక పనేనా? దా, నేనే గుంజుత!"

ఎంత ఔదార్యం! మొదట పదిసార్లు నవ్వుతూ గుంజారు. తర్వాత పదిసార్లు నవ్వకుండా గుంజారు. ఆపైన చొక్కా విప్పారు. నాలుగో కోడు పూర్తయ్యేసరికి బనీను తడిసిపోయి, తాను అడిగిన పొట్టు మీదే కూలబడ్డారు. కాసేపటికి మూడు ఐదు రూపాయల నోట్లు తీసి పెట్టారు.

"పదిహేను. ఒక కోడుకు నేనే గుంజిన గద, ఐదు పట్టుకున్న."

ఆ మాటకు చిలుకమ్మ లేచి వచ్చింది. మూడు నోట్లూ తీసుకుంది.

"కోడుకు ఐదని మీరే కట్టిండ్రు. మూడు కోళ్ళకు నేను గుంజిన. పదిహేను సరిపాయె. ఇగ ఉలి పట్టినాయనకు ఎంతిస్తరో ఇయ్యుండ్రి."

రావు గారికి వాదించే ఊపిరి లేదు. కట్టయ్య వైపు చూశారు. నా సిద్ధాంతాన్ని కాపాడాల్సిన ఆ కట్టయ్య ఏం చేశాడు?

"ఇరవై ఐదు దొరా" అన్నాడు!

రావు గారు ఇచ్చి, చొక్కా భుజాన వేసుకుని, కోళ్ళు రిక్షాలో పెట్టించుకుని పోయారు. పొట్టు సంచి మాట మరిచిపోయారు.

కట్టయ్య ఇరవై ఐదూ జేబులో పెట్టుకుని భార్య ముందు చెయ్యి చాచాడు. "నలభై వచ్చినయే! ఆ పదిహేను గూడ ఇటియ్యి. మనింటి పనికి నీకు లెక్కేందే?"

చిలుకమ్మ నోట్లను కొంగున ముడేసుకుంది.

"దొరకు ఒక్క కోడుకే లెక్క తెలిసింది. నీకు పదహారేండ్లాయె, ఇంక తెల్వకపాయె" అని దవాఖానకు బయల్దేరింది.

కొనేవాళ్ళే ధర కట్టాలన్న నా వాదన మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాను. కొనకుండానే వాడుకునేవాళ్ళు ఇంట్లోనే ఉంటారన్న సంగతి మాత్రం నాకు అప్పటిదాకా తట్టలేదు.