భీమేశ్వరరావుగారి కంప్యూటరు పరీక్ష

ఆ రోజు పొద్దున భీమేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మదీనాగూడలో షేర్ ఆటో ఎక్కడం, పదింటికి మాదాపూర్‌లో కంప్యూటరు పరీక్ష రాయడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకోవడం. యాభై రెండేళ్ల వయసులో పరీక్షేమిటని అడిగే ధైర్యం ఆయనకు లేదు. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో ఆ ధైర్యం ఏ గుమాస్తాకూ లేదు.

పాసైనవాళ్లు హైదరాబాద్‌లో ఉంటారనీ, తప్పినవాళ్లు ఆదిలాబాద్ శాఖకు వెళ్తారనీ సర్క్యులర్ వచ్చింది. కూతురు రసజ్ఞ పదో తరగతి. కుళాయి రోజూ వచ్చే వాటా అద్దెకు దొరికి ఆరు నెలలే అయింది. అందుకని రెండు నెలలు తెల్లవారుజామున లేచి, గైడు పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా బట్టీ పట్టాడు. కంప్యూటరును మాత్రం ముట్టుకోలేదు. ఆఫీసులో ఉన్న ఒక్కటీ పై అధికారి దొరగారి గదిలో ముసుగేసుకుని ఉండేది. ముట్టుకుంటే ఏమవుతుందో గైడులో లేదు.

భార్య పుణ్యవతి నుదుట విభూతి పెట్టి పంపింది. కొండాపూర్ దాటేదాకా అంతా సవ్యంగానే జరిగింది. ఆటో దిగి అద్దాల మేడ వైపు నాలుగడుగులు వేశాడో లేదో, కంకర లారీ ఒకటి గుంటలో దిగి, ఎర్రటి బురదతో ఆయనకు తలంటు పోసినంత పని చేసింది.

గేటు దగ్గర కాపలా ఉన్న రాజయ్య ఆయన్ని చూసి, పరీక్షకొచ్చాడని తెలుసుకుని జాలిపడ్డాడు.

"సార్, గిట్ల పోతే లోపలికి ఎవ్వరు రానియ్యరు. సాయంత్రం లగ్గానికని కొత్త పంచె, కండువా తెచ్చుకున్న. గివి కట్టుకొని పోయి పరీక్ష ఇచ్చి రండి. గంతదాంక మీ బట్టలు ఆరేస్త."

వేరే దారి లేదు. భీమేశ్వరరావు జరీ పంచె కట్టుకుని, కండువా కప్పుకుని లోపలికి నడిచాడు. కండువా పక్క నుంచి జంధ్యం కనిపిస్తోంది.

నాలుగో అంతస్తులో ఆ రోజే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రారంభం. పంచె కట్టుకున్న పంతులుగారు పదింటికి వస్తారు, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా పైకి తీసుకురమ్మని మేనేజరు అవినాష్, రిసెప్షన్‌లో ఉన్న ఆమనికి చెప్పి ఉంచాడు. ఆమె భీమేశ్వరరావును చూడగానే లేచి, "రండి రండి, మీకోసమే చూస్తున్నారండి," అని లిఫ్టు ఎక్కించింది. ఆయన పరీక్ష మూడో అంతస్తులో. కానీ లిఫ్టు ఎక్కడం అదే మొదటిసారి కావడంతో కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అంతస్తులు లెక్కపెట్టే స్థితిలో లేడు.

కంప్యూటరు గది బయట చెప్పులు విడవమన్నారు. విడిచాడు. లోపల ఏసీ చలికి వణుకుతూ చూస్తే, పది కంప్యూటర్లకు బంతిపూల దండలు వేసి ఉన్నాయి. ఎదురుగా పాతికమంది కుర్రకారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్క గుమాస్తాను పరీక్షించడానికి ఇంతమందా అని ఆయన గుండె జారింది.

"కానివ్వండి, టైమైపోతోంది," అన్నాడు అవినాష్.

"ముందు దేనితో మొదలుపెట్టమంటారు?"

"మీకెలా అలవాటైతే అలాగేనండి."

ఇంత మెత్తటి పరీక్ష ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. అలవాటైంది గైడులోని కంప్యూటరు చరిత్రే. కళ్లు మూసుకుని, గొంతు సవరించుకుని, తెల్లవారుజామున వల్లించిన బాణీలోనే అందుకున్నాడు. పూసల చట్రంతో లెక్కలు పెట్టిన అబాకస్ నుంచి పాస్కల్ కూడికల యంత్రానికీ, అక్కడి నుంచి బాబేజి గారి పళ్ల చక్రాలకూ వచ్చాడు. మొదటి తరం వాక్యూమ్ ట్యూబులు, రెండో తరం ట్రాన్సిస్టర్లు, మూడో తరం ఐసీలు, నాలుగో తరం మైక్రోప్రాసెసర్లు, ఏదీ వదల్లేదు. పెళ్లిలో ప్రవర చెప్పినట్టు కంప్యూటరు తాతముత్తాతల పేర్లు వినేసరికి కుర్రాళ్లు ముచ్చటపడి చేతులు జోడించారు. ఈ పంతులుగారు కాలానికి తగ్గ మనిషని ఎవరో మెచ్చుకున్నారు. ఆ మాట ఆయన చెవిన పడలేదు. అప్పటికి ఆయన మెమరీలో ఉన్నాడు.

తర్వాత హార్డ్‌వేరు. కీబోర్డును చూపించి, ఇది మనం చెప్పేది లోపలికి పంపేది అన్నాడు. పక్కనున్న అమ్మాయి వెంటనే దానికి కుంకుమ బొట్టు పెట్టి, ఒక పువ్వు పెట్టింది. భీమేశ్వరరావు ఆశ్చర్యపోయాడు. మౌసు కూడా అంతే అన్నాడు. ఇంకో బొట్టు, ఇంకో పువ్వు. అప్పుడర్థమైంది ఆయనకు, పువ్వుకొక మార్కు. మానిటరు, ప్రింటరు చూపించేవనీ, సీపీయూ మెదడనీ, హార్డ్ డిస్కు దాచిపెట్టేదనీ గడగడా చెప్పి అన్ని పువ్వులూ సంపాదించాడు. బల్ల కింద ఉన్న యూపీయస్ గైడులో లేదు. దానికి పువ్వు పడలేదు. ఒక్క మార్కు పోయిందని మనసు చివుక్కుమంది.

అంతలో చేతికి కొబ్బరికాయ ఇచ్చారు. ఇది ఏ విభాగంలోకి వస్తుందో ఆయనకు ఎంతకీ తట్టలేదు. చేత్తో తాకగలిగేదంతా హార్డ్‌వేరేనని గైడులో చదివిన ధైర్యంతో కొట్టేశాడు. కాయ సరిగ్గా రెండు చెక్కలైంది.

"ఇక మీ చేత్తో ఆన్ చేయండి," అన్నాడు అవినాష్.

రెండు నెలలుగా ఆయన భయపడింది ఈ క్షణానికే. రోట్లో తల దూర్చాక రోకటిపోటుకు వెరవనేల అనుకుని మీట నొక్కాడు. యంత్రం కుయ్యిమంది, తెర వెలిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. భీమేశ్వరరావుకు నిజంగా కళ్లు చెమ్మగిల్లాయి.

కుర్రాళ్లు వరసపెట్టి తన కాళ్లకు దండం పెడుతున్నప్పుడు మాత్రం కాస్త అనుమానం వచ్చింది. అవినాష్ పళ్లెంలో పళ్లు, తాంబూలం పెట్టి చేతికిచ్చాడు.

"వచ్చే నెల నార్సింగిలో మా గృహప్రవేశానికి కూడా మీరే రావాలండి. మంత్రాలు అందరూ చదువుతారు, ఇలా అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు."

భీమేశ్వరరావు ఇది ఎన్నో అంతస్తని అడిగి, జవాబు వినగానే చెప్పులు కూడా మరిచి, పళ్లెంతో మెట్ల మీదుగా కిందికి పరుగెత్తాడు.

మూడో అంతస్తులో పరీక్ష అయిపోయింది. పరీక్షాధికారి అక్కడికక్కడే మార్కులు వేసి, కాగితాలు తీసుకుని వెళ్లిపోయారు. తలుపు మీద అంటించిన జాబితాలో పద్దెనిమిది పేర్లున్నాయి, అడుగున ఇద్దరు తప్పారు. అన్నిటికన్నా పైన భీమేశ్వరరావు పేరుంది, నూటికి తొంభై ఎనిమిది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

అప్పుడే గదిలోంచి సంచీ పట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చి, పూజ ఎక్కడండీ అని అడిగాడు. ఆయన పేరు వెంకటరామయ్య, అసలు పురోహితుడు. స్కూటరు మీద రావడానికి ప్యాంటూ చొక్కా వేసుకున్నాడు, పంచె సంచీలో ఉంది.

"మెట్లెక్కుతుంటే ఇక్కడ ఎవరో, మీరొక్కరే మిగిలారు రండి అని కూర్చోబెట్టారండి," అన్నాడు వెంకటరామయ్య. "పేరు కూడా అడగలేదు. పూజకు ముందు మిషన్లు పనిచేస్తున్నాయో లేదో చూడమన్నారనుకున్నాను. ఉత్తరం టైపు చేయమన్నారు, ప్రింటు తీయమన్నారు. తీశాను."

"మీకదంతా ఎలా వచ్చునండీ?"

"రెండేళ్లుగా జాతకాలన్నీ కంప్యూటర్లోనే వేస్తున్నాను కదండీ."

భీమేశ్వరరావు పళ్లెం ఆయన చేతిలో పెట్టేశాడు. న్యాయంగా అది ఆయనదే. మార్కుల సంగతీ అలాగే తేల్చేయాలని ఇల్లు చేరేదాకా అనుకున్నాడు. గుమ్మంలో పుణ్యవతి ముఖం చూశాక మనసు మారింది. పాసయ్యానన్నాడు. ఆమె పాయసం చేసింది. ఆయన తన గిన్నె రసజ్ఞ వైపు జరిపాడు.

సోమవారం దొరగారు పిలిచి, చెయ్యి కలిపి, ఒక కవరు ఇచ్చారు. ఆదిలాబాద్‌లో కొత్తగా కంప్యూటరు శిక్షణ కేంద్రం తెరుస్తున్నారు. అక్కడ పాఠాలు చెప్పడానికి, పరీక్షలో మొదట వచ్చినవారిని వెంటనే పంపమని ఆదేశం. భీమేశ్వరరావు ఇక దాచలేకపోయాడు. తనకు కంప్యూటరు రాదనీ, మార్కులు పురోహితుడివనీ, తాను ఆ సమయంలో పై అంతస్తులో కొబ్బరికాయ కొడుతున్నాననీ పూసగుచ్చినట్టు నిజం చెప్పేశాడు.

దొరగారు ఓపిగ్గా విన్నారు.

"బదిలీ తప్పించుకోవడానికి చాలామంది చాలా చెప్పారయ్యా. ఇంత కష్టపడి కల్పించినవాడివి నువ్వొక్కడివే. ఎల్లుండి బయలుదేరు."

పరీక్ష తప్పిన ఇద్దరినీ మాత్రం, ఇంకా నేర్చుకోవలసింది ఉందని, హైదరాబాద్‌లోనే ఉంచారు.