ఆరు బూట్ల ఫోటో

ఆ ఉదయం ఎక్స్‌రే టెక్నీషియన్ తెల్ల బూట్లకు లేసులు బిగించుకుంటుంటే, దర్జీ పని చేసే ఆమె భర్త కొత్త ఫోను తుడుచుకుంటున్నాడు. ఆసుపత్రి ఉద్యోగుల నడక పోటీలో మూడేళ్లుగా ఆవిడది రెండో స్థానమే.

"ఈసారి నువ్వు గెలువు చాలు. ఫోటో సంగతి నాకొదిలెయ్. ఈ కెమెరాకి చీకటైనా పట్టపగలే!" అన్నాడాయన.

తీరా వాన పట్టుకోవడంతో పోటీని ఆసుపత్రి కింద ఉన్న కార్ల పార్కింగులోకి మార్చారు. అక్కడ వెలిగేవి రెండే లైట్లు. ఆఖరి మలుపులో టెక్నీషియన్, ఏటా గెలిచే క్యాషియరు పక్కపక్కనే దూసుకొస్తుంటే భర్త బటన్ నొక్కాడు. 'చీకటిగా ఉంది, మూడు సెకన్లు కదలకండి' అంది ఫోను. ఆయన ఊపిరి బిగబట్టి కొయ్యబారిపోయాడు. కదిలేది ఎదుటివాళ్లని ఫోనుకి ఎవరు చెప్పాలి?

టెక్నీషియన్ ముందుగా గీత దాటింది. వెంటనే క్యాషియరు చెయ్యెత్తింది.

"ఆవిడ నడవలేదు సార్, పరుగెత్తింది! రెండు కాళ్లూ గాల్లోకి లేచాయి!"

నడకంటే ఏదో ఒక కాలు నేల మీద ఉండి తీరాలి. రెఫరీ తల గోక్కున్నాడు.

"నా దగ్గర సాక్ష్యం ఉంది!" అంటూ భర్త చూసుకోకుండానే ఫోను చేతికిచ్చేశాడు.

రెఫరీ చాలాసేపు చూశాడు. వెనక కార్ల నంబర్లు కూడా స్పష్టంగా ఉన్నాయి. మనుషులు మాత్రం పొగ. ఒక పొగ కింద ఆరు తెల్ల బూట్లు.

"ఏమ్మా, మీకెన్ని కాళ్లు?"

పార్కింగంతా గొల్లుమంది. "దొంగ ఫోటో! ఈవిణ్ణి పోటీలోంచి తీసెయ్యండి!" అని క్యాషియరు అందుకుంది.

"నేను బట్టలు కుడతాను గానీ కాళ్లు కుట్టనండీ!" అన్నాడు భర్త.

"ఇలా ఇవ్వండి," అని టెక్నీషియన్ ఫోను అందుకుని, అలవాటుకొద్దీ లైటుకేసి ఎత్తి చూసింది. మొహం విప్పారింది.

"సార్, కదిలిందల్లా పొగైపోయింది. నేల మీద ఆనిన కాలే నిలబడింది. మూడు సెకన్లలో నేను ఆరడుగులు వేశాను, ఆరూ నేల మీదే ఉన్నాయి. మరి పక్క పొగకి బూట్లేవీ?"

రెఫరీ ఫోటోను పెద్దది చేసి వెతికాడు. క్యాషియరు పొగ కింద ఒక్క బూటు కూడా దొరకలేదు. ఆవిడ ఉన్నట్టుండి వాన తగ్గిందేమో చూడ్డానికి వెళ్లిపోయింది.

కప్పు పట్టుకున్న టెక్నీషియన్‌ను తోటి ఉద్యోగులు భుజాల మీదికెత్తారు. చప్పట్లు కొట్టీ కొట్టీ భర్త అరచేతులు ఎర్రబడ్డాయి.

భార్య ఫోటోలన్నిట్లోకీ అదే బాగా వచ్చిందని ఆయన దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ అంటాడు. ఇంట్లో మాత్రం అనడు.