పేషెంటు పేరు: పిడుదు

చిలకమ్మ ఎడమ మోకాలి వెనక కరిచి పట్టుకున్న పిడుదును మంగళవారం ఉదయం పదిన్నరకు కొండ మీది ఆరోగ్య కేంద్రంలో పేషెంటుగా చేర్చుకున్నారు. ఆమె పేరు, పేషెంటుకు తోడుగా వచ్చే అటెండెంటు గడిలో రాశారు.

ఇందులో పొరపాటేమీ లేదు. పిడుదు కాటుతో మనిషికి అంటుకునే లైమ్ జబ్బు క్రిమి ఉంటే ఇంకా పిడుదు కడుపులోనే ఉంటుంది. చిలకమ్మకు జ్వరం లేదు, మచ్చ లేదు. ఇద్దరిలో జబ్బు ఎవరి దగ్గర ఉందో వాళ్లే పేషెంటు. చీటీలు రాసే అప్పలసూరి వయసు దగ్గర "తెలియదు" అనీ, చిరునామా దగ్గర "మోకాలి వెనక" అనీ రాసుకున్నాడు.

చిలకమ్మ కాఫీ తోటలో పళ్లు కోస్తుంది. ఆ ఉదయం పక్క వరసలో ఉన్న బొజ్జమ్మ పురుగును చూసి, సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగేద్దామంది. చిలకమ్మ ఒప్పుకోలేదు. నిరుడు ఆమె అన్న ఇలాంటి పిడుదునే బీడీతో కాల్చబోయి, పుండు చేసుకుని మూడు నెలలు మంచాన పడ్డాడు. డాక్టరు చేతే తీయిద్దామని ఇద్దరూ కొండెక్కి వచ్చారు.

"తీసెయ్యండి బాబూ. ఒక రోజు దాటకుండా తీసేత్తే బయం నేదంట," అంది బొజ్జమ్మ.

"చేర్చుకున్న పేషెంటుని అటెండెంట్ల మాట మీద పీకేస్తామా అమ్మా?" అన్నాడు అప్పలసూరి. కోప్పడలేదు.

మంచం మీద అటెండెంట్లు పడుకోకూడదు. అందుచేత చిలకమ్మ నేల మీద కూర్చుని ఎడమ కాలు మాత్రం మంచం మీద పెట్టింది. పేషెంటు నలిగిపోకుండా నర్సు ఆమె కాలి కింద దుప్పటి సర్ది, ఆహారం గడిలో "స్వయంగా తీసుకుంటున్నారు" అని రాసింది. డాక్టరమ్మ పూటకోసారి వచ్చి వంగి చూసేది. చాలా ఓపికైన మనిషి. నువ్వుగింజంత ఉన్న పిడుదు గురువారానికి బఠాణీ అంత అయింది.

చిలకమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నాకు బయంగుంది."

"భయపడకు. బాగా కోలుకుంటున్నారు," అంది డాక్టరమ్మ.

ఆ మాట ఎవరి గురించో అడగడానికి చిలకమ్మ సిగ్గుపడింది.

శుక్రవారం కడుపు నిండిన పిడుదు తనంతట తానే రాలిపడింది. డిశ్చార్జి కాగితం రాసి, పేషెంటును బండిలో తీసుకెళ్లి తోట దగ్గర దింపారు. బండిలో అటెండెంట్లకు చోటు లేదు. చిలకమ్మ ఆరు కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరింది.

పన్నెండో రోజున మోకాలి వెనక ఎర్రటి వలయం లేచింది. మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా, రోజురోజుకూ పెద్దదవుతూ వచ్చింది. ఒళ్లు కాలిపోయింది. మెడ తిరగలేదు. బొజ్జమ్మ భుజం మీద చెయ్యేసుకుని మళ్లీ కొండెక్కింది.

అప్పలసూరి వలయాన్ని శ్రద్ధగా చూశాడు. రిజిస్టరు తిరగేశాడు. "ఇది మీది కాదమ్మా. పేషెంటు వదిలేసి వెళ్లిన సామాను."

"మనిసి కాలిపోతంటే సామానేటయ్యా!" బొజ్జమ్మ అరిచింది. "ముందు మందియ్యి!"

"మందు పేషెంటు పేరు మీదే ఇవ్వాలి. వాళ్లు వస్తే తప్పకుండా ఇస్తాం. అప్పటిదాకా దీన్ని జాగ్రత్తగా ఉంచాల్సింది అటెండెంటే."

చిలకమ్మ కాసేపు ఆలోచించింది. ఒకరి వస్తువు మన దగ్గర ఉండిపోతే చూసుకోవాలి కదా అనిపించింది.

"ఎన్నాళ్లు దాయాల బాబూ?"

"వాళ్లొచ్చి అడిగేదాకా."

వేలిముద్ర వేయించుకుని వరండాలో పొడుగు బల్ల చూపించాడు. దాని మీద అప్పటికే ఏడుగురు ఆడవాళ్లు, అందరూ అటెండెంట్లే, కూర్చుని ఉన్నారు. ఒకామె మూతి ఒక పక్కకు వంకరపోయింది. ఒకామె వాచిన మోకాలిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. వాళ్లు చిలకమ్మను ఏమైందని అడగలేదు. ఒకరి తర్వాత ఒకరు కాస్త కాస్త జరిగి, చివర చోటిచ్చారు.