సీ బెన్నాసర్ ఇంటి పొగగొట్టానికి మూత

ఆ ఆదివారం పొద్దున్న సీ బెన్నాసర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఫలహారం చెయ్యడం, గడ్డం గీసుకోవడం, మధ్యాహ్నం అసర్ నమాజయ్యాక తన ఇంటి ముందుగదిలో వీధి సంఘం వాళ్ళకి ప్రసంగం చెయ్యడం. ప్రసంగం పేరు "ఇంటి పొగగొట్టానికి టోపీ ఎందుకు పెట్టాలి, పెట్టినదాన్ని ఎందుకు చూసుకుంటూ ఉండాలి". పన్నెండు కాగితాలు రాసి, మూడుసార్లు దిద్ది, దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు.

మా వైపు 'సీ' అంటే 'గారు' అని. ఆయన అటవీశాఖలో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి దిగిపోయినవాడు. కొండల మీదున్న మా అజ్రూ ఊళ్ళో చలికాలం మంచు మోకాలిదాకా పడుతుంది, ప్రతి ఇంట్లోనూ కట్టెలతో మండే ఇనుప పొయ్యి ఉంటుంది. రెండేళ్ళ కిందట వీధి చివరి ఇంట్లో పొగ వెనక్కి తన్ని, తల్లినీ కొడుకునీ దుప్పట్లలో మోసుకుని బయటికి తెచ్చారు. దేవుడి దయవల్ల బతికారు. అప్పట్నుంచి ఏడాదికోసారి ఈ ప్రసంగం పెట్టించాలని సంఘం తీర్మానించింది. పోయినేడు మొదటిసారి చేసినప్పుడు జనం కళ్ళార్పకుండా విన్నారు, కొందరు వెంటనే రేకుపనివాడి దగ్గరికి కూడా పోయారట. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా బెన్నాసర్ ఛాతీ ఒక అంగుళం పెరిగేది.

ఆయన భార్య ఇట్టో టీ పోస్తూ అడిగింది.

"ఇవాళ ఏం చెబుతావు వాళ్ళకి?"

"టోపీ గురించి. వానా మంచూ లోపలికి రాకుండా, గాలి పొగని కిందికి తొయ్యకుండా, నిప్పురవ్వలు పక్కింటి మీద పడకుండా, పక్షులు గూళ్ళు కట్టకుండా..."

"సరే. మన టోపీ ఎక్కడుంది?"

బెన్నాసర్ టీ గ్లాసులోకి చూశాడు. ఆ ఇంటి టోపీ నవంబరు గాలికి ఎగిరిపోయి పెరట్లో పడింది. పదకొండేళ్ళుగా ఒక్కసారీ దించి మసి దులపలేదేమో, అంచులన్నీ తుప్పు తినేశాయి. దాన్ని కట్టెల వెనక దాచి, మంగళవారం సంతకి తీసుకెళ్ళి బాగు చేయిస్తానన్నాడు. అప్పట్నుంచి వాన పడితే పొయ్యిలో చుక్కలు చుర్రుమంటున్నాయి.

"ఈ మంగళవారం తప్పకుండా, ఇన్షా అల్లాహ్," అన్నాడు.

"ఆ మాట పదకొండు మంగళవారాల్నించి వింటున్నా. ఇవాళ పద్నాలుగు మంది వస్తారు. వచ్చేవాళ్ళు గుమ్మం చూసి వస్తారా, తల పైకెత్తరా? నీ పరువు నీ ఇష్టం," అని బొగ్గులార్పి, పొయ్యి శుభ్రంగా తుడిచి, బకెట్టూ తువ్వాలూ తీసుకుని ఇట్టో వీధి చివరి స్నానశాలకి వెళ్ళిపోయింది. ఆదివారం స్నానశాలకి వెళ్ళిన ఆడవాళ్ళు రెండు గంటలైనా గడవందే తిరిగి రారు.

బెన్నాసర్ రోడ్డు మీదికి వెళ్ళి తల పైకెత్తి చూశాడు. పెంకుల కప్పు మీద బోడి పొగగొట్టం ఒక్కటే మిగతా వీధికంతటికీ కనబడుతోంది. రేకుపనివాడు మంగళవారందాకా రాడు. ఆయన లోపలికి వచ్చి వంటింట్లో నిలబడి ఆలోచించాడు. అలా ఆలోచిస్తూండగా అలమర మీద తజీన్ మూత, అంటే మాంసం ఉడికించే మట్టిపాత్ర మూత, కనబడింది. ఎర్రమట్టి మూత, కింద వెడల్పు, పైన మొన, అంచు చుట్టూ ఆకుపచ్చ గీత. పొగగొట్టం టోపీ చేసినవాడు ఈ మూతని చూసే చేసి ఉంటాడు. అంత చదువుకున్న మనిషికి అలాంటి ఆలోచన ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కానీ వచ్చింది.

నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. మూత కింద సందు ఉండాలి, లేకపోతే పొగ ఎటు పోతుంది? అది ఆయన కాగితాల్లో నాలుగో పేజీలోనే ఉంది. మూడు ఎత్తులు పెట్టాలనుకుంటే కప్పు మీద రెండు రాళ్ళే దొరికాయి. మళ్ళీ దిగి ఎక్కే ఓపిక లేదు. జేబులో చెయ్యి పెడితే టీలోకని చక్కెర దిమ్మనించి పగలగొట్టిన గడ్డ దొరికింది, పిడికెడంత. దాన్నే మూడో రాయిగా పెట్టి, మూత బోర్లించి, దిగి, రోడ్డు మీదికి వెళ్ళి చూశాడు. అద్భుతంగా ఉంది.

"మాషా అల్లాహ్!" అని వెనకనించి గొంతు వినబడింది. సంఘం అధ్యక్షుడు హాజ్ మిమూన్. డెబ్బై ఆరేళ్ళు, చేతిలో కర్ర, ప్రపంచంలో ప్రతిదాని గురించీ తెలుసుకోవాలన్న ఆరాటం. "కొత్తదా? మట్టిదిలా ఉందే?"

"కొత్త రకం, హాజ్. ఫెజ్ పట్నంలో చేస్తున్నారు. మట్టి తుప్పు పట్టదు కదా."

"అవునవును! మరి నాకెందుకు తట్టలేదు? మసీదుకొకటి, మా ఇంటికి రెండు తెప్పించు. ఎవరు చేస్తారు? ఎలా కాలుస్తారు? ఇవాళ ప్రసంగంలో అదంతా చెప్పాలి సుమా!"

"చెబుతాను," అన్నాడు బెన్నాసర్, చొక్కా గుండీ సర్దుకుంటూ.

ఇట్టో ఎర్రబడ్డ మొహంతో తిరిగొచ్చి, ముందుగా అలమర వైపే చెయ్యి చాపింది. ఆ మూత ఆమెది కాదు. పక్కింటి యామ్నాది. ఇట్టో మూత పగిలిపోతే వారం కిందట ఎరువు తెచ్చుకుంది. ఇవాళ ప్రసంగం తరవాత అందరికీ పెట్టడానికి యామ్నా గొర్రెమాంసం, ఎండు రేగుపళ్ళూ వేసి తజీన్ చేస్తానంది, అందుకని మధ్యాహ్నంలోగా మూత తిరిగివ్వాలి. పైగా అది మామూలు మూత కాదు. ఖెనీఫ్రా ఊళ్ళో యామ్నా తల్లి వాడినది. ఆమె పోయాక కూతురికి దక్కింది ఆ ఒక్క వస్తువే.

ఇట్టో అలమర వెతికింది. పిండి డబ్బాలో చూసింది. మంచం కింద చూసింది. మూతకి కాళ్ళు లేవు కదా, ఎక్కడికి పోతుంది? ఆవిడ గదులన్నీ తిరుగుతూ, తనని తాను ప్రశ్నలు వేసుకుంటూ, చివరికి భర్త ముందు నిలబడింది.

"యామ్నా మూత చూశావా?"

ఇక్కడ ఒక్క మాట నిజం చెప్పి ఉంటే ఈ కథ లేదు. కానీ ఇంకో నాలుగు గంటల్లో పద్నాలుగు మంది వస్తారు, మూత దించితే బోడి పొగగొట్టం, పైగా హాజ్‌కి ఫెజ్ అని చెప్పి ఉన్నాడు. ప్రసంగం కాగానే దించేస్తే సరిపోతుందనుకున్నాడు.

"గురువారమే ఇచ్చేశావు కదా?" అన్నాడు.

"ఇచ్చానా?"

"ఇచ్చినట్టే గుర్తు."

ముప్ఫై ఏళ్ళు ఏ చెట్టు ఏ లెక్కలో ఉందో చెప్పిన మనిషి. ఆ జ్ఞాపకశక్తి మీద ఇట్టోకి మహా నమ్మకం. ఆవిడ పెరటి గోడ దగ్గరికి వెళ్ళి యామ్నాని పిలిచింది.

"యామ్నా, మూత నీ దగ్గరే ఉంది, చూసుకో. గురువారం ఇచ్చేశాను."

"నా దగ్గరా? లేదక్కా. నేనే అడుగుదామనుకుంటున్నా. మాంసం పొయ్యి మీదుంది."

"సరిగ్గా చూడు. మా ఆయనకి గుర్తుంది."

"మీ ఆయనకి గుర్తుండొచ్చు, నా వంటింట్లో లేదు."

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

"నేనలా అన్నానా? అది మా అమ్మ మూత అక్కా! పగిలితే పగిలిందని చెప్పు, ఏడ్చి ఊరుకుంటాను. ఇచ్చేశానని మాత్రం అనకు."

"పగలగొట్టి దాచుకునే మనిషినా నేను? ఇరవై రెండేళ్ళుగా ఈ గోడ మీదనించి ఇచ్చిపుచ్చుకుంటున్నాం, ఒక్క చెంచా తగ్గిందా?"

"ఇవాళ తగ్గింది," అని యామ్నా లోపలికి వెళ్ళి కిటికీ మూసుకుంది.

ఇట్టో వంటింట్లోకొచ్చి అతిథుల కోసం బాదం పప్పులు ఒలుస్తూ కూర్చుంది. కళ్ళనించి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. బెన్నాసర్ గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు, ఇంతలో హాజ్ మిమూన్ కుర్చీలు సర్దించడానికి వచ్చేశాడు. సాయంత్రం చెప్పేస్తానని తనకి తాను మాటిచ్చుకుని ఎనిమిదో పేజీ తీశాడు.

మూడున్నరకి చినుకులతో కలిసి మంచు మొదలైంది. పద్నాలుగు మందీ బూట్లు గుమ్మంలో విడిచి లోపలికొచ్చారు. యామ్నా కూడా వచ్చింది, మాటిచ్చింది గనక. తజీన్ మీద అల్యూమినియం పళ్ళెం బోర్లించి తెచ్చి, ఇట్టో ముందు ఠప్పున పెట్టి, గదిలో ఆ చివరకి పోయి కూర్చుంది. ఇట్టో పొయ్యిలో కట్టెలు వేసి అంటించింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆవిడ తల ఎత్తలేదు.

బెన్నాసర్ గొంతు సవరించుకున్నాడు. "పొగగొట్టం ఇంటి ముక్కు లాంటిది. వానొస్తే మనం ముక్కు మీదికి టోపీ దించుకుంటాం కదా?" బాగా నవ్వారు. వాన లోపలికి పోతే ఇటుకలు ఎలా నానతాయో, పక్కలకి వల ఉన్న టోపీ ఎందుకు మంచిదో చెప్పాడు. అయిదో పేజీకి వచ్చాడు.

"అన్నిటికన్నా ముఖ్యం, కొంగ వాలకముందే టోపీ పెట్టండి. వాలాక అది దాని ఇల్లు, కొంగ గూడు కదిలిస్తే పాపం. మన చేతుల్లో ఏమీ ఉండదు."

"నిజం," అన్నాడు హాజ్ మిమూన్. "మా తోడల్లుడు అయిదేళ్ళు పొయ్యి వెలిగించలేదు."

ఆయన మాట పూర్తవుతూండగానే పొయ్యి తలుపు సందులోంచి సన్నగా పొగ బయటికి వచ్చింది. తరవాత గొట్టం అతుకుల్లోంచి కూడా రావడం మొదలైంది.

"సీ బెన్నాసర్, పొగ వస్తోంది," అన్నారెవరో.

బెన్నాసర్ పొయ్యి వైపు చూశాడు. కానీ మాటల మనిషి. "అదే! మీకు చూపించాలనుకున్నదదే. టోపీ సరిగ్గా లేకపోతే ఎలా ఉంటుందో వినడం కాదు, కళ్ళారా చూడండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. "ఎంత శ్రద్ధ!" అంటూ దగ్గారు. హాజ్ మిమూన్ మాత్రం కళ్ళు నులుముకుంటూ చెయ్యెత్తాడు.

"కానీ మీ టోపీ బాగుంది కదా? ఇందాకే చూశాను. మరి పొగ వెనక్కి ఎలా తెప్పించారు?"

"అది... తొమ్మిదో పేజీలో వస్తుంది."

తొమ్మిదో పేజీదాకా వెళ్ళలేదు. టీ అందిద్దామని లేచిన ఇట్టో రెండడుగులు వేసి, తల పట్టుకుని, గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. అందరికన్నా ముందు చూసింది యామ్నా. "ఇట్టో అక్కా!" అని కేక వేసి, కిటికీ రెక్కలు బార్లా తీసి, ఆవిడ చంకల కింద చేతులు వేసి ఎత్తింది.

బెన్నాసర్ చేతిలోని కాగితాలు జారిపోయాయి. రెండేళ్ళ కిందటి దుప్పట్లు కళ్ళ ముందు కదిలాయి. "బయటికి! అందరూ బయటికి! ఇది చూపించడానికి కాదు, నిజం పొగ!" అని అరిచాడు. యామ్నాతో కలిసి భార్యని పెరట్లోకి మోసుకొచ్చి, మళ్ళీ ఊపిరి బిగబట్టి లోపలికి పోయి, మండుతున్న కట్టెల్ని పటకారుతో బకెట్లోకి లాగి తెచ్చి మంచులో పడేశాడు.

చల్లగాలి తగిలి ఇట్టో కళ్ళు తెరిచింది. తల నొప్పి తప్ప ఏమీ కాలేదు. అప్పుడు జనమంతా తల పైకెత్తారు. వానకి చక్కెర గడ్డ కరిగి, రాళ్ళు రెండూ పక్కకి పోయి, మూత పొగగొట్టం నోటిని పూర్తిగా మూసేసింది. తడిసిన ఎర్రమట్టి మీద ఆకుపచ్చ గీత స్పష్టంగా మెరుస్తోంది.

"అది మా అమ్మ మూత," అంది యామ్నా.

బెన్నాసర్ మేజోళ్ళతో మంచులో నిలబడి చెప్పాడు. "నేనే పెట్టాను. మా టోపీ నవంబరులోనే పోయింది. ఇట్టోకి ఏమీ తెలియదు. ఇచ్చేశావని చెప్పింది నేను. నా పరువు కోసం మీ ఇద్దరికీ గొడవ పెట్టాను, నా పరువు కోసమే మిమ్మల్ని చంపబోయాను. క్షమించండి."

ఇట్టో భర్త వైపు చూడలేదు. యామ్నా చెయ్యి పట్టుకుంది. "మొగుడి మాట విని నిన్నన్నాను."

"మా అమ్మ మూతంటే ఊళ్ళో అందరికీ చూపించుకోవాలని నాకూ ఉండేది," అంది యామ్నా ముక్కు చీదుతూ. "మరీ అంత ఎత్తున అనుకోలేదు." ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు, ఒకేసారి ఏడ్చేశారు.

హాజ్ మిమూన్ బెన్నాసర్ భుజం తట్టాడు. "అయితే ఫెజ్‌నించి రావన్నమాట?"

ఆ రాత్రీ, సోమవారమంతానూ మంచు ఆగలేదు, కప్పెక్కడం కుదరలేదు. మంగళవారం ఎండ కాసింది. బెన్నాసర్ తెల్లారకుండానే సంతకి పోయి, నాలుగు పక్కలా వల ఉన్న రేకు టోపీ చేయించుకుని, చంకలో పెట్టుకుని వచ్చి, నిచ్చెన వేసి ఒక మెట్టు ఎక్కాడు. అక్కడే ఆగిపోయాడు. పైన, యామ్నా తల్లి మూత పక్కన, కొంగ నిలబడి ఉంది. మూత చుట్టూ అప్పటికే అయిదారు పుల్లలు పేర్చి ఉన్నాయి. ఇంకో కొంగ ఏడో పుల్ల తెస్తోంది.

"దిగు," అంది ఇట్టో.

"దిగండి," అంది గోడ అవతలనించి యామ్నా. "మా అమ్మ మూత దగ్గరికొచ్చింది, కదిలిస్తారా? పాపం చుట్టుకుంటుంది."

"అయిదో పేజీ," అని గుర్తుచేశాడు హాజ్ మిమూన్ రోడ్డు మీదనించి.

కొంగపిల్లలు ఎగిరిపోయేది జులైలో. అందాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. కొత్త టోపీ కట్టెల మోపు మీద కూర్చుని ఉంది. ఇప్పుడు బెన్నాసర్ దంపతులు చలి తగ్గేదాకా పొద్దస్తమానం యామ్నా ఇంట్లోనే ఉంటున్నారు. ఆడవాళ్ళిద్దరూ పొయ్యి పక్కన, ఆయన తలుపు దగ్గర. తజీన్ మీద అల్యూమినియం పళ్ళెమే బోర్లిస్తున్నారు.

మొదటి రోజు వెచ్చగా చేతులు కాచుకుంటూ బెన్నాసర్ అడిగాడు. "మీ పొగగొట్టం మీద మంచి టోపీ ఉందే, యామ్నా. ఎప్పుడు పెట్టించావు?"

"పోయినేడు మీ ప్రసంగం విన్న మర్నాడే," అంది యామ్నా.