నారింజ గొడుగు వెనకాల

ఆ ఆదివారం పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే పూలతోటకి వెళ్ళాలి. తోట చివర ఉన్న గాజు మేడలో అబ్బాయి తల్లిదండ్రుల్ని కలవాలి. నాలుగు మంచి మాటలు మాట్లాడి, చల్లగా ఏదైనా తాగి ఇంటికి రావాలి. అమ్మాయీ అబ్బాయీ ఒకరినొకరు ఎప్పుడో ఇష్టపడ్డారు. అమ్మాయి తల్లికి అబ్బాయి నచ్చాడు. ఇక మిగిలింది అబ్బాయి తల్లి ఒప్పుకోవడం. ఆవిడ ఒక హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్. పరీక్ష హాల్లో ఆవిడ అడుగు పెడితే కాపీ కొట్టని పిల్లలకి కూడా చెమటలు పడతాయని పేరు.

ఇంత చిన్న పథకానికి ఉన్న పెద్ద ప్రమాదమల్లా అమ్మాయి తండ్రి. ఆయన బస్టాండులో ఎంక్వైరీ కౌంటరు వెనక ఉద్యోగంలో చేరి, అదే కుర్చీలోంచి రిటైరయ్యాడు. ఇప్పటికీ వీధంతా ఆయన్ని ఎంక్వైరీ గారనే పిలుస్తుంది. అడిగినవాణ్ణి జవాబు లేకుండా పంపడం ఆయన దృష్టిలో మహాపాపం. తెలిస్తే తెలిసింది చెప్తాడు. తెలియకపోతే ఇంకాస్త గట్టిగా చెప్తాడు.

"నాన్నా, ఆవిడకి అబద్ధం అంటే ఒళ్ళు మంట," అంది కూతురు, తండ్రి చొక్కాకి ఇస్త్రీ చేస్తూ. రాత్రంతా నిద్రపోనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇవాళ ఒక్కపూట, తెలియనిది ఎవరైనా అడిగితే తెలియదని చెప్పు. నీకు పుణ్యం ఉంటుంది."

"నేను అబద్ధం ఎప్పుడు చెప్పానే?"

"పక్కింటివాళ్ళు ఫ్రిజ్ ఎందుకు చప్పుడు చేస్తోందని అడిగితే ఏం చెప్పావు?"

"కొత్త చోటు కదా, అలవాటు పడుతోందని చెప్పాను."

"వాళ్ళు నీ మాట నమ్మి, అలవాటు పడేదాకా ఆగారు. అది కాలిపోయింది నాన్నా."

ఎంక్వైరీ గారు ఫ్రిజ్ మాట వదిలేసి చొక్కా అందుకున్నాడు. కూతురి పెళ్లి తన నోటివల్ల చెడిపోతుందేమోనన్న భయం ఆయనకీ లేకపోలేదు. నిజానికి పొద్దున్నే అద్దం ముందు నిలబడి "తెలియదండీ" అనడం సాధన కూడా చేశాడు. నోరు తిరిగింది కానీ మనసు తిరగలేదు.

తోట ద్వారం దగ్గరికి చేరేసరికే ఎండ నెత్తినెక్కి కూర్చుంది. లోపల ఎటు చూసినా పూలే. పూలతో కట్టిన ఓడ, పూలతో కట్టిన గుర్రాలు, ఇంటి గోడంత పూల గడియారం. గాజు మేడ ఆ చివరెక్కడో ఉంది. అక్కడిదాకా వెళ్ళే బ్యాటరీ బండిలో రెండే సీట్లు మిగిలాయి.

"మీరు నడిచి రండి, ఒకటే దారి," అంది భార్య బండెక్కుతూ. "ఆ ఫోను ఇలా ఇవ్వండి, ఎక్కడో పెట్టి మర్చిపోతారు. ఈ గొడుగు తీసుకోండి. బాగా పైకెత్తి పట్టుకోండి, దూరం నుంచి కూడా కనబడాలి."

గొడుగు నారింజ రంగుది. ఆ తోటలో గైడులు పట్టుకునే గొడుగులూ సరిగ్గా ఆ రంగువే. ఈ సంగతి ఆవిడకి తెలియదు, ఆయనకీ తెలియదు. తెలిసినవాళ్ళు ఓ పాతికమంది ద్వారం పక్కనే నిలబడి మాడిపోతున్నారు. గైడుతో తిరగడానికి విడిగా టికెట్టు కొనుక్కుని, మణికట్టుకి నీలం పట్టీలు కట్టించుకున్నవాళ్ళు. వాళ్ళ గైడు "నారింజ గొడుగు ఎక్కడుంటే మీరూ అక్కడే ఉండండి" అని గట్టిగా చెప్పి, నీళ్ళ సీసాలు తేవడానికి గొడుగుతో సహా వెళ్ళాడు.

ఎంక్వైరీ గారు గొడుగు విప్పి, భార్య చెప్పినట్టే బాగా పైకెత్తి నడక మొదలుపెట్టాడు. పది అడుగులు వేయకముందే ఓ పెద్దాయన పక్కకొచ్చి, "ఏమండీ, ఇవేం పూలు?" అని అడిగాడు.

"తెలియదు" అనే మాట గొంతుదాకా వచ్చింది. కానీ ఆ పెద్దాయన ముఖంలో ఆఖరి బస్సు తప్పిపోయినవాడి దిగులు కనిపించింది. అలాంటి ముఖానికి జవాబు చెప్పకపోవడం ఎంక్వైరీ గారి వల్ల కాలేదు.

"ఇవి ఆర్డినరీ అండీ. నిదానంగా పూస్తాయి. అదిగో, ఆ ఎర్రవి ఎక్స్‌ప్రెస్. ఒక్కసారి మొదలుపెట్టాయంటే మధ్యలో ఆగవు."

"ఇంత ఎండలో ఎలా బతుకుతున్నాయండీ ఇవన్నీ?" అని వెనక నుంచి ఎవరో ఆడగొంతు.

"షిఫ్టులుంటాయి. ఇవాళ డ్యూటీలో ఉన్నవి రేపు రెస్టు తీసుకుంటాయి. వాటి చోట స్పేరు మొక్కలు వస్తాయి," అన్నాడాయన, తల తిప్పకుండానే.

జవాబులు బాగానే ఉన్నాయి కాబట్టి ప్రశ్నలు పెరిగాయి. పూల ఓడ దగ్గర చెప్పులో రాయి పడితే తీసుకుందామని ఆయన వంగాడు. వెనక ఏదో అలికిడయింది. తిరిగి చూస్తే పాతికమంది వంగి నేలకేసి చూస్తున్నారు.

"అక్కడేముందండీ?" అన్నారెవరో ఆత్రంగా.

"వేరు," అన్నాడు ఎంక్వైరీ గారు, ఇంకేమీ తోచక.

"కనబడటం లేదే?"

"లోపల ఉంది కదండీ."

అందరూ తృప్తిగా తలలూపారు. అప్పుడు అర్థమైంది ఆయనకి, వీళ్ళు తనతోపాటు నడవటం లేదు, తన వెంట నడుస్తున్నారని. వేగం పెంచాడు. వాళ్ళూ పెంచారు. పక్కకి తిరిగి పూల గుర్రాల మధ్యలోంచి దూరాడు. అందరూ ఒకరి వెనక ఒకరు గుర్రాల మధ్యలోంచి దూరారు. అందరికన్నా ముందు ఇందాకటి ఆడగొంతు ఆవిడ ఉంది. ఎండకి ముఖమంతా స్కార్ఫు చుట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. ఆవిడ వెనకే, బెంచీ కనబడితే చాలు కూలబడుతున్న భర్త.

"మనం విడిగా వెళ్ళిపోదామే," అని గొణిగాడు ఆ భర్త.

"మీరు నోరు మూసుకుని నడవండి. ఇంత వివరంగా చెప్పే మనిషి మళ్ళీ దొరకడు," అని కసిరి, ఆవిడ ఫోను తీసింది. "ఒరేయ్, నువ్వు గాజు మేడ దగ్గరే ఉండు. మేం గైడుతో పాటు వస్తున్నాం. ఆ అమ్మాయీ వాళ్ళమ్మా వచ్చేశారా? మరి వాళ్ళ నాన్నేడి? బస్టాండులో ఎంక్వైరీలో చేసి రిటైరయ్యాడన్నావు, ఆయనేనా? చూడు నాన్నా, ఉద్యోగం ఏదైనా నాకు పట్టింపు లేదు. మనిషి నిజం మాట్లాడితే చాలు. ఒక్క అబద్ధం దొరికిందంటే మాత్రం, నేను అక్కడికక్కడే లేచొచ్చేస్తాను."

అబ్బాయి తల్లి ఈవిడేనని ఎంక్వైరీ గారికి తెలిసిపోయింది. ఆర్డినరీ పూలు, ఎక్స్‌ప్రెస్ పూలు, రెస్టులో ఉన్న మొక్కలు అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఒక్కటి దొరికితేనే లేచొచ్చేసే మనిషికి ఆయన అప్పటికే ఎన్ని అప్పజెప్పాడో లెక్కే లేదు. ఎర్రబడ్డ కళ్ళతో ఇస్త్రీ చేస్తున్న కూతురు గుర్తొచ్చింది.

ముందు గొడుగు మూసేద్దామనుకున్నాడు. మూశాడో లేదో, "గైడు గారూ! గొడుగు! గొడుగేదీ?" అని గోల మొదలైంది. ఓ పెద్దావిడ తప్పిపోయానని ఏడుపు లంకించుకుంది, నిలబడ్డ చోటే నిలబడి. గొడుగు మళ్ళీ విప్పక తప్పలేదు. ఇక మిగిలింది నిజం చెప్పడమే. ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకుని, స్కార్ఫావిడ వైపు తిరిగాడు.

"మేడమ్, మీకో మాట చెప్పాలి. నేను గైడుని కాను."

ఆవిడ ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది. చెమటలు, పాలిపోయిన పెదవులు, వణుకుతున్న చెయ్యి.

"అయ్యో, వడదెబ్బ!" అంది. "మా స్కూల్లో డ్రిల్లు మాస్టారికీ ఇలాగే అయింది. తను డ్రిల్లు మాస్టారు కాదనే మొదలుపెట్టాడు."

"కాదమ్మా, నేను నిజంగానే గైడుని కాను. నేను..."

"ముదురుతోంది. నీళ్ళు పొయ్యండి!"

ఇన్నాళ్ళకి ఎంక్వైరీ గారు అచ్చమైన నిజం చెప్తే, దానికి దొరికిన ఫలితం నాలుగు సీసాల నీళ్ళు. కూతురు మడత పడకుండా ఇస్త్రీ చేసిన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. హెడ్మిస్ట్రెస్ తన స్కార్ఫు విప్పి, తడిపి, ఆయన తలకీ చెవులకీ కలిపి చుట్టింది. భర్త ఒకపక్కన రెక్క పట్టుకున్నాడు, ఆర్డినరీ పూలు అడిగిన పెద్దాయన ఇంకోపక్క పట్టుకున్నాడు.

"వద్దండీ, నన్ను ఇక్కడే వదిలెయ్యండి. మీరు వెళ్ళండి," అని బతిమాలాడు ఎంక్వైరీ గారు.

"మిమ్మల్నిలా వదిలేసి ఎలా వెళ్తామండీ? పాపం, ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్ళు. గాజు మేడలో ఏసీ ఉంది, అక్కడికే తీసుకెళ్తాం," అంది హెడ్మిస్ట్రెస్. గొడుగు ఇప్పుడు ఆవిడే పైకెత్తి పట్టుకుంది.

గాజు మేడ గుమ్మంలో నిలబడి కూతురు, ఆమె తల్లి, అబ్బాయి దారికేసి చూస్తున్నారు. ముందుగా వాళ్ళకి కనిపించింది నారింజ గొడుగు. భార్య ముఖం విప్పారింది. తర్వాత గొడుగు పట్టుకున్న హెడ్మిస్ట్రెస్ కనిపించింది. అబ్బాయి ముఖం విప్పారింది. ఆ తర్వాత తలకి స్కార్ఫుతో, నీళ్ళోడుతూ, ఇద్దరి చేతుల మధ్య వేలాడుతూ వస్తున్న మనిషి కనిపించాడు. కూతురు చొక్కా గుర్తుపట్టింది.

"నాన్నా!" అని ఆమె పరుగెత్తబోయింది. సరిగ్గా అప్పుడే అవతలి దారిలోంచి ఇంకో నారింజ గొడుగు రొప్పుకుంటూ వచ్చింది. అసలు గైడు. చంకలో నీళ్ళ సీసాలు, కళ్ళలో నిప్పులు.

"ఎవరండీ నా గ్రూపుని ఎత్తుకొచ్చింది? తోటంతా వెతికి చచ్చాను! అందరూ చేతులెత్తండి, పట్టీలు చూడాలి!"

పాతిక చేతులు లేచాయి. పాతిక నీలం పట్టీలు మెరిశాయి. రెండు జతల చేతులు మాత్రం లేవలేదు. ఒకటి హెడ్మిస్ట్రెస్‌వి, రెండోది ఆవిడ భర్తవి.

"మీ పట్టీలేవి?" అన్నాడు గైడు. "టికెట్టు లేకుండా గ్రూపులో దూరారా? పదండి ఆఫీసుకి. అక్కడ పేర్లు రాసుకుంటారు, ఫోటో తీస్తారు."

హెడ్మిస్ట్రెస్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎన్ని వందలమంది పిల్లల్ని చీటీలతో సహా పట్టుకున్న మనిషి! ఇప్పుడు కన్నకొడుకు ఎదుట, కాబోయే కోడలి ఎదుట, దొరికిపోయిన పిల్లలు చూసినట్టే నేల చూపులు చూస్తోంది. "వినడానికి టికెట్టు ఎందుకులే అని... ఊరికే వెనకాల నడిచాం..." అంటూ నసిగింది.

"వదిలెయ్యండి బాబూ," అన్నాడు ఎంక్వైరీ గారు, చేతులు విడిపించుకుని. "వాళ్ళు మీ గ్రూపులో దూరలేదు. వాళ్ళు నాతో వచ్చారు."

"నువ్వెవరు?"

"నేను గైడుని కాను."

"అది నాకూ తెలుసు. వీళ్ళు నీకేమవుతారు?"

అది ప్రశ్న. ఆయన జీవితంలో ఏ ప్రశ్ననీ ఖాళీగా వదల్లేదు.

"మా వియ్యాలవారు," అన్నాడు గట్టిగా.

గైడు ఒకసారి ఈ తడిసిన మనిషినీ, ఒకసారి ఆవిణ్ణీ చూసి, చుట్టాల గొడవల్లో తలదూర్చడం తన పని కాదనుకున్నాడు కాబోలు, పాతికమందినీ వెంటబెట్టుకుని పోయాడు. పోతూ పోతూ ఆర్డినరీ పూలాయన మాత్రం వెనక్కి తిరిగి, ఎంక్వైరీ గారికి దణ్ణం పెట్టాడు.

గుమ్మం దగ్గర ఆరుగురు మిగిలారు.

"నాన్నా, వియ్యాలవారనేశావేంటి, వాళ్ళింకా పెళ్లికి ఒప్పుకోనే లేదు నాన్నా," అంది కూతురు ఏడుపు గొంతుతో.

హెడ్మిస్ట్రెస్ మెల్లగా వచ్చి, తన స్కార్ఫు తనే ఆయన తలమీంచి విప్పింది. "ఎంక్వైరీ... మీరేనా?"

"నేనేనమ్మా. దారంతా మీకు చెప్పిన పూల సంగతులన్నీ అబద్ధాలు. ఒక్కటీ నాకు తెలియదు. అడిగేసరికి ఆగలేకపోయాను. తప్పు నాది, మా పిల్లకి దీనితో ఏ సంబంధమూ లేదు." చెప్తూ ఆయన రెండు చేతులూ జోడించాడు. ఇది కూడా ఎండ వల్లేనని ఈసారి ఎవరూ అనుకోలేదు.

"పూల సంగతి పోనివ్వండి. ఇందాక గైడుతో ఒక మాట అన్నారు. అది నిజమా, అబద్ధమా?"

ఎంక్వైరీ గారు కూతురి వైపు చూశాడు. "అది మీరే చెప్పాలమ్మా."

ఆవిడ లోపల లెక్క వేసుకుంది. ఆ మాట అబద్ధమైతే తాను టికెట్టు లేకుండా దూరిన మనిషి, పైగా ఒక అబద్ధం చాటున తప్పించుకున్న మనిషి. నిజమైతే కుటుంబంతో కలిసి తోట చూడటానికి వచ్చిన మర్యాదస్తురాలు. ఆవిడ భర్త అప్పటికే లోపల బెంచీ చూసుకుని కూలబడి, "నిజమనే అనవే, చల్లగా ఉంది," అన్నాడు.

"నిజమే," అంది హెడ్మిస్ట్రెస్. ఆ వెంటనే కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, విన్నావుగా. నువ్వు ఈ అమ్మాయిని చేసుకోవాల్సిందే. కాదూ కూడదన్నావంటే నీకు అమ్మ లేదనుకో."

తల్లిని ఒప్పించడానికి వారం రోజులుగా మాటలు బట్టీపట్టుకుని వచ్చిన ఆ అబ్బాయి, చివరికి తల్లి బలవంతం మీద పెళ్లికి ఒప్పుకున్నాడు.